ఆ మనిషి ఏ ఊరివాడు? ‘జేమ్స్’ నవల నమూనా అనువాదం: ఒక కేస్ స్టడీ

పెర్సివల్ ఎవరెట్ రాసిన ‘జేమ్స్’ తెలుగులో నిలబడుతుందో లేదో చూద్దాం, హక్కుల సంగతి తర్వాత, ముందు ఒక 60 పేజీల నమూనా చేసివ్వండి అని ఒక ప్రచురణకర్త అడిగారు. మూడు భాగాల నవల. మూడింటి నుంచీ కొన్ని అధ్యాయాలు ఎంచుకుని 3 నెలల్లో ఇచ్చేస్తానన్నాను. 9 నెలలు పట్టింది. అందులో సగం రోజులు ఒకే చిక్కు దగ్గర గడిచాయి. ఈ కథ చెప్పే జిమ్ తెల్లవాళ్ళ ముందు ఒక మాట మాట్లాడతాడు, తనవాళ్ళ మధ్య ఇంకో మాట మాట్లాడతాడు. ఆ మొదటి మాటకు తెలుగేమిటి?

యాసలున్న పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చేవాళ్ళకు పనికొస్తుందని ఆ 9 నెలల సంగతి రాస్తున్నాను. నమూనా అచ్చు కాలేదు. అందుకని నా వాక్యాలు ఇక్కడ అవసరమైనంత మేరకే పెడతాను.

పుస్తకం గురించి కొంచెం

‘జేమ్స్’ 2024 మార్చిలో వచ్చింది. ఆ ఏడాదే నేషనల్ బుక్ అవార్డు, కర్కస్ ప్రైజ్ గెలిచింది. బుకర్ తుది జాబితాలో నిలిచింది. 2025లో పులిట్జర్ కూడా వచ్చింది. ఎవరెట్ 1956లో జార్జియాలో పుట్టి, సౌత్ కరొలైనాలోని కొలంబియాలో పెరిగారు. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో పాఠాలు చెప్తారు. ఇరవైకి పైగా నవలలు రాశాక ఇప్పుడొచ్చింది ఇంత పేరు. 2001లో ఆయనే ‘ఇరేజర్’ అని ఒక నవల రాశారు. అందులో నల్లజాతి రచయిత ఒకడు, తెల్లవాళ్ళకు కావలసింది ఇదే కదా అని ఒళ్ళు మండి, గల్లీ యాసలో ఒక చెత్త నవల రాసి పారేస్తే అది కాస్తా విపరీతంగా అమ్ముడుపోతుంది. 2023లో ‘అమెరికన్ ఫిక్షన్’ సినిమాగా వచ్చిన కథ అదే. అంటే నల్లవాళ్ళ నోట ఏ యాస వినాలని లోకం ఎదురుచూస్తుందో ఆ సంగతి మీద ఎవరెట్‌ది 20 ఏళ్ళకు పైబడిన పోరు. ఇది ముందే తెలిసుంటే నాకు రెండు నెలలైనా మిగిలేవి.

కథ మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’దే. 1884లో లండన్‌లో, 1885లో అమెరికాలో వచ్చిన ఆ నవలలో తాగుబోతు తండ్రి నుంచి పారిపోయిన హక్, అమ్ముడుపోతానని భయపడి పారిపోయిన బానిస జిమ్, ఇద్దరూ తెప్ప మీద మిసిసిపీ నది వెంట పోతారు. అక్కడ చెప్పేవాడు హక్. ఇక్కడ చెప్పేవాడు జిమ్. ఇక్కడ అతను జడ్జి థాచర్ గ్రంథాలయంలో దొంగతనంగా చదువుకున్నవాడు, కలలో వోల్టేర్‌తో వాదించేవాడు. తనను న్యూ ఆర్లీన్స్ మనిషికి అమ్మేస్తారని, భార్య సేడీ, కూతురు లిజ్జీ ఇక్కడే మిగిలిపోతారని తెలిసి జాక్సన్ దీవిలో దాక్కుంటాడు.

మన పాఠకుల్లో చాలామందికి హక్ పరిచయమైంది నండూరి రామమోహనరావు గారి తెలుగులో. నేనూ అంతే. ఈ పని మీద ఉన్నన్నాళ్ళూ ఆ పుస్తకం తెరవలేదు, కావాలనే. ఆయన గొంతు చెవిలో పడితే నా చెయ్యి ఆడదు.

ట్వేన్ తన నవల ముందు ఒక చిన్న గమనిక పెట్టాడు. ఇందులో మిస్సోరీ నీగ్రోల యాస, అడవి పల్లెల మొరటు యాస, పైక్ కౌంటీ మామూలు యాస, దానిలోనే ఇంకో నాలుగు రకాలు వాడాను, ఊహించి రాసినవి కావు, శ్రద్ధగా విని రాసినవి అని. అంత శ్రద్ధగా వినడం నిజమే కావచ్చు. కానీ జిమ్ నోటి మాట కాగితం మీదకు వచ్చేది తెల్లపిల్లాడు హక్ చెవి మీదుగానే. ఎవరెట్ పట్టుకున్నది ఆ మధ్యలో ఉన్న చెవినే. జిమ్ మాట అలా ఎందుకు వినిపించింది? వాళ్ళకు అలా వినిపించాలని జిమ్ అలా మాట్లాడాడు కాబట్టి.

గుడిసెలో బడి

నవల మొదట్లోనే ఒక రాత్రి జిమ్ తన గుడిసెలో లిజ్జీనీ, ఇంకొందరు పిల్లలనూ కూర్చోబెట్టి భాషా పాఠం చెప్తాడు. పుస్తకానికి గుండెకాయ ఆ అధ్యాయం. నా పనికి కూడా.

నేర్పే భాష, తెల్లవాళ్ళ ముందు మాట్లాడాల్సిన భాష. కళ్ళలోకి చూడకూడదు. ముందుగా నోరు తెరవకూడదు. వాళ్ళు వింటుండగా తోటి బానిసతో ఏ సంగతీ నేరుగా మాట్లాడకూడదు. అప్పుడప్పుడూ గొణగాలి, ‘గొణక్కుండా చెప్పు’ అని గదమాయించే తృప్తి వాళ్ళకు దక్కాలి. తర్వాత అభ్యాసం. మిసెస్ హాలిడే పెరట్లో నిలబడి ఉంది, ఆమె వెనక వంటిల్లు కాలుతోంది, చూసుకోలేదు, ఎలా చెప్తావు? ఒక పిల్లవాడు ‘మంట, మంట’ అంటాడు. దాదాపు సరే కానీ మరీ నేరుగా ఉందంటాడు జిమ్. అయిదేళ్ళ పిల్ల అటు చూడండమ్మా అని ఊరుకుంటుంది. అదీ సరైన జవాబు. ఆపదకు పేరు పెట్టే హక్కు తెల్లవాళ్ళది, మనది కాదు. ఆ తర్వాత అది నూనె మంట అనుకోమంటాడు. ఆమె నీళ్ళు పోయబోతోంది. పొయ్యొద్దంటే ఆమె చేసేది తప్పని చెప్పినట్టే. మరి? ఇసుక తెమ్మంటారా అని అడగాలి.

దీనికి కాస్త ముందు రొట్టె సంగతి ఒకటి ఉంది. జిమ్ యజమానురాలు మిస్ వాట్సన్ చేసిన మొక్కజొన్న రొట్టె నోట పెట్టుకునేలా ఉండదు. ఎలా ఉందని ఆమె అడిగితే ఏమనాలో జిమ్ కూతురికి నేర్పుతాడు. పిల్ల ఒక వాక్యం అంటే, దాన్ని ఇంకొంచెం చెడగొట్టి చూపించి, అదీ సరైన తప్పు వ్యాకరణం అంటాడు. నేను ‘ఒప్పైన తప్పు’ అని పెట్టుకున్నాను. (ఆ రొట్టె మన జొన్నరొట్టెలా పెనం మీద కాల్చేది కాదు, దిమ్మలా పొంగేది. వివరించబోతే నవ్వు చచ్చిపోతుందని వదిలేశాను.)

నవ్వొచ్చే అధ్యాయమే. కానీ 1847లో మిస్సోరీ రాష్ట్రం నల్లవాళ్ళకు చదవడం రాయడం నేర్పే బడి పెట్టకూడదని చట్టం చేసింది. ఆ నేలమీద జరిగే బడి ఇది.

మొదటి ప్రయత్నం: బాంచన్

చెయ్యి ముందుగా పోయింది ఎక్కడికో చెప్పక్కర్లేదు. దొర ముందు వంగి మాట్లాడే మాట తెలుగులో తయారుగా ఉంది, రక్తంతో సహా. ‘బాంచన్ దొరసాని, గటు సూడుండ్రి జర’ అని రాశాను. ఒక్క పూటలో ఆ అధ్యాయం అయిపోయింది. అంత తేలిగ్గా అయిందంటేనే అనుమానం రావాలి. రాలేదు.

నాకు 11 మంది పాఠకులున్నారు. ఆదివారం పొద్దున ఒక స్నేహితురాలి మేడ మీద కూర్చుంటాం. ఒకరు ఆదిలాబాద్, ఒకరు కదిరి, ఇద్దరు భీమవరం వైపు, ఒకాయన నల్గొండ నుంచి వచ్చిన రిటైర్డ్ మాస్టారు, ఇలా. నవల పేరు చెప్పకుండా పేజీలు పైకి చదివి ఒకటే ప్రశ్న అడిగాను. ఈ మనిషి ఏ ఊరివాడు?

అందరూ తెలంగాణ అన్నారు. నలుగురు జిల్లా కూడా చెప్పారు. ఒకావిడైతే 1946 ముందా తర్వాతా అని అడిగింది. మిసిసిపీ నది మాయమై మూసీ వచ్చింది. పాఠకుడి కళ్ళ ముందు గడీ ఉంది, దేశ్‌ముఖ్ ఉన్నాడు, సాయుధ పోరాటం మొదలవబోతోంది. ఆ చరిత్ర పెద్దది. అది వస్తే ఇంకే కథకూ చోటుండదు.

ఇంకా పెద్ద తప్పు మాస్టారు చూపించారు. ఆయన అన్నది అప్పుడే రాసిపెట్టుకున్నాను. ‘మా తాత గడీ ముంగట గిట్లనే మాట్లాడెటోడు మేడం. కని ఇంటికొచ్చినంక గూడ గదే భాష. భాష మారలే. నడుం మారేది. ఆడ వంగేది, ఈడ లేసేది.’

నా రాతలో జిమ్ ఇంటికొచ్చి తెలంగాణ మాట విడిచేసి పత్రికల తెలుగు మాట్లాడుతున్నాడు. అంటే వేషానికి తెలంగాణ, తెలివికి శిష్ట వ్యావహారికం. మన సినిమాలు దశాబ్దాలపాటు హాస్యగాడికీ రౌడీకీ ఆ యాస అంటగట్టి చేసిన పనే నేనూ చేశాను, సాహిత్యం పేరుతో.

రెండోది, అంతకంటే హీనం

సరే, ప్రాంతం వద్దు, పల్లెటూరి మాట చాలనుకున్నాను. చ తీసి స పెట్టాను. సూడండమ్మా, సెప్పండమ్మా. ఎనకాల, ఇసయం. ఆదివారం జవాబు వెంటనే వచ్చింది, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలో పాలేరు అని.

నాకు మాత్రం వేరే మనిషి వినిపించింది. మా నాన్నమ్మ. నేను పుట్టింది బొబ్బిలి దగ్గర. చదువుకని విజయవాడ హాస్టల్‌కు వెళ్ళిన మొదటి వారం ‘ఏటి’ అన్నానని గదిలో అమ్మాయిలు పడి పడి నవ్వారు. నెల తిరక్కుండా ‘ఏంటి’ నేర్చుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్ళేటప్పుడు విజయనగరం స్టేషన్ దాటాక మళ్ళీ ‘ఏటి’. నన్నెవరూ కొట్టలేదు, అమ్మలేదు, కాబట్టి పోలిక అక్కడితో సరి. కానీ ఈ పుస్తకం మీద నాకెందుకంత పట్టుదలో మూడో నెలలో తెలిసింది.

అప్పుడు కూర్చుని తెలుగులో ‘తప్పు’ అనిపించే మాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాను. తెల్వదు. ఒగ్గేయ్. యాడికి. ప్రతి తప్పుకూ ఒక హక్కుదారు తేలాడు. ఎవరో ఒకరి అమ్మమ్మ ఆ మాటతోనే అన్నం పెట్టి ఉంటుంది. ఎవరిదీ కాని తప్పు తెలుగులో ఒక్కటీ దొరకలేదు.

ఇంగ్లిష్‌లో మాత్రం దొరుకుతుందా? అమెరికా నల్లవాళ్ళ మాటకు దాని వ్యాకరణం దానికుంది. క్రియ ముందు మార్చకుండా ‘బీ’ పెడితే ఆ పని అలవాటుగా, మళ్ళీ మళ్ళీ జరుగుతోందని అర్థం. భాషాశాస్త్రజ్ఞులు ఎప్పటి నుంచో చెప్తున్న సంగతే. 1996 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ స్కూల్ బోర్డు ఆ భాషను పిల్లల ఇంటి భాషగా గుర్తిస్తామంటే దేశమంతా గొడవైంది. అలాంటప్పుడు జిమ్ బడిలో నేర్పే ఆ మాట వట్టి వేషమైతే, నిజంగా అలా మాట్లాడిన లక్షలమంది మాట ఏమవుతుంది? ఈ నవల మీద నాకున్న గట్టి అభ్యంతరం ఇదే. ఇంకా పోలేదు. ఎవరెట్ వెక్కిరిస్తున్నది ఆ జీవద్భాషను కాదు, తెల్లవాళ్ళు కాగితం మీద, రంగస్థలం మీద తయారుచేసిన దాని బొమ్మను అనే నా నమ్మకం. అచ్చులో ఆ వాక్యాల స్పెల్లింగు చూస్తే తెలుస్తుంది, మనిషి మాట్లాడేది కాదు, ట్వేన్ పేజీల్లో కనపడేది. అది సరైతే తెలుగులోనూ బతికున్న ఏ యాసా అక్కడ పెట్టకూడదు.

నడుం వ్యాకరణం

మాస్టారి మాట దగ్గరకే తిరిగి వెళ్ళాను. యాస మార్చకుండా నడుం మాత్రం వంగితే వాక్యంలో ఏం మారుతుంది? ఆరో నెలలో ‘కన్యాశుల్కం’ మళ్ళీ చదివాను, ఈ ఒక్క పని కోసం. గిరీశం వెంకటేశంతో ఒకలా, అగ్నిహోత్రావధానులతో ఒకలా, సౌజన్యారావు ముందు ఇంకోలా మాట్లాడతాడు. మారేది ఉచ్చారణ కాదు. ఎవరి ముందు ఎంత తెలిసినట్టు కనపడాలన్నది.

జిమ్ పిల్లలకు నేర్పిన నియమాలనే వ్యాకరణ సూత్రాలుగా తీసుకున్నాను. మనకు ‘ట’ అని ఒక అద్భుతమైన ప్రత్యయం ఉంది. వచ్చాడట, పోయిందట. వినికిడి సంగతికి వాడతాం. ప్రతి జిల్లాలో ఏదో ఒక రూపంలో ఉంది. దాన్ని కళ్ళారా చూసిన సంగతికి వాడితే? తన కళ్ళను తనే నమ్మనట్టు, సాక్ష్యం తనది కానట్టు. మంట కనపడుతుండగా ‘ఏదో అవుతోందటమ్మా’. తెలుగులో నడుం వంచడానికి ఆ ఒక్క అక్షరం చాలు. తెలిసినదంతా ప్రశ్నగా మారాలి. వాక్యం పూర్తి కాకూడదు, దాన్ని పూర్తి చేసే పని ఎదుటివాళ్ళకు వదలాలి. ‘నేను’ వీలైనంత రాకూడదు, ‘జిమ్ముకేం తెలుసమ్మా’ అని తన పేరు తనే బయటివాడిలా చెప్పుకోవాలి. అమ్మగారూ అన్న పిలుపు అక్కర్లేని చోట రెండుసార్లు రావాలి.

నూనె మంట దగ్గర నా చివరి పాఠం ఇలా తేలింది. నేరుగా చెప్తే: ‘నీళ్ళు పొయ్యకండి, మంట పెద్దదవుతుంది.’ ఆలోచన సరైనది, వేషం కుదరనిది: ‘ఇసక తెమ్మంటారా?’ వేషం కుదిరినది: ‘అయ్యో అమ్మగారూ... అమ్మగారండీ... ఇసకేమన్నా తెమ్మంటారేమోనమ్మా, ఈ పిల్లకేం తెలుసు, మీరెట్లా అంటే అట్లానే...’

రొట్టె వాక్యం అయితే తెలుగులో దానంతటదే వచ్చి కూర్చుంది. ‘ఇట్లాంటి రొట్టె జన్మలో తిన్లేదమ్మా.’ పొగడ్తా అదే, నిజమూ అదే. మూలంలోని తమాషా కూడా ఇదే, నా గొప్ప లేదు.

ఆదివారం చదివాను. ఈ మనిషి ఏ ఊరివాడు? చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. భీమవరం ఆయన అన్నాడు, ఊరు తెలియదు గానీ మా ఆఫీసులో అటెండరు సారు ముందు ఇలాగే ఉంటాడని. బ్యాంకులో పనిచేసే కదిరి అమ్మాయి, ‘లేదబ్బా, రివ్యూ మీటింగులో నేనే ఇట్లా ఉంటా’ అంది. జిల్లా పేరు ఒక్కరూ చెప్పలేదు.

మధ్యలో ఒక గోల. ఈ పేజీలు పంపితే ప్రచురణకర్త దగ్గరి ఎడిటర్ ఎవరో అంతా దిద్ది తిప్పి పంపారు. ‘సూడండమ్మా’, ‘ఎనకాల’ అన్నీ మళ్ళీ వచ్చి చేరాయి. పక్కన ఎర్ర సిరాతో ‘పాత్రోచితంగా మార్చాం’ అని ఉంది. కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నల్లవాడు ఇలా మాట్లాడితేనే నల్లవాడిలా ఉంటాడు అన్న మాటే కదా అది. నాలుగు ఫోన్లు, ఒక రెండు పేజీల ఉత్తరం అయ్యాక నా పాఠం నాకు దక్కింది.

నువ్వు, మీరు, ఒరేయ్

ఇంగ్లిష్‌లో లేని పనిముట్టు మనకు ఒకటుంది, దాన్ని వాడకపోతే పాపం. అక్కడ అందరికీ ఒకటే ‘యూ’. కాబట్టి ఎవరెట్ పని అంతా స్పెల్లింగు మీద పడింది. తెలుగులో తెల్లవాళ్ళు జిమ్‌ను ‘ఒరేయ్ జిమ్‌గా’ అంటారు. గుడిసెలో పిల్లలు అతన్ని ‘మీరు’ అంటారు. బానిసలు పెద్దవయసు వాళ్ళను ‘మీరు’ అనే పిలుచుకుంటారు. ఒక్క పేజీలో ఒకే మనిషి ఒరేయ్ నుంచి మీరు దాకా పెరుగుతాడు, ఏ వివరణా లేకుండా. మిస్ వాట్సన్ ఎదుట ఉంటే ‘దొరసానమ్మగారు’, జిమ్ మనకు కథ చెప్పేటప్పుడు ‘మిస్ వాట్సన్’, గారు లేదు. ఆ గారు తీసేసిన చోట పాఠకులు ఒక్కరైనా పెన్సిల్‌తో గీత పెట్టకుండా పోలేదు.

కథ చెప్పే తెలుగు మీద కూడా పేచీ వచ్చింది. చదువుకున్నవాడంటే కృష్ణా గోదావరి మాటే ఎందుకు రావాలి అని ఆదిలాబాద్ ఆవిడ అడిగింది. జవాబు నా దగ్గర పూర్తిగా లేదు. అచ్చు తెలుగు ఎవరో ఒకరి ఇంటి తెలుగే. జిమ్ పుస్తకాల నుంచి భాష నేర్చుకున్నవాడు గనుక కొంచెం పుస్తకం వాసన ఉండనిచ్చి, ఏ ఊరికీ మరీ చెందకుండా వాక్యాలు పొట్టిగా పెట్టాను. పాము కరిచి జ్వరంలో కలవరించేటప్పుడు వోల్టేర్ వస్తాడు. ఆయనకు మాత్రం గ్రాంథికం ఇచ్చాను. మనుషులంతా సమానమేనంటూనే మెలికలు పెట్టే పెద్దమనిషికి ‘సమానులే యగుదురు, అయినను’ భలే అతికింది. గిడుగు వారు క్షమించాలి. ఆ కలవరింతలో జిమ్ అసలు మాట బయటపడిపోతుంది, హక్ వింటాడు. నా పాఠంలో హక్‌కు అనుమానం వచ్చేది అక్కడ ‘ట’ లేకపోవడం వల్ల.

అతకని చోటు

నడుం వ్యాకరణం అన్నిచోట్లా పనిచేయలేదు. నవల మధ్యలో డేనియల్ డెకటూర్ ఎమ్మెట్ వస్తాడు. నిజం మనిషి. 1843లో న్యూయార్క్‌లో వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ మొదలుపెట్టినవాడు, ‘డిక్సీ’ పాట ఆయనదని చెప్తారు. తెల్లవాళ్ళు కాల్చిన బెండు మసి మొహానికి పూసుకుని నల్లవాళ్ళను అనుకరిస్తూ పాడే ఆటలు అవి. నవలలో జిమ్ గొంతు బాగుందని ఎమ్మెట్ అతన్ని కొంటాడు. నల్లవాణ్ణి వేదిక ఎక్కించకూడదు గనుక అతనికీ మసి పూస్తారు, మసి పూసుకున్న తెల్లవాడిలా కనపడాలి. ఆ బృందంలో తెల్లవాడిగా చలామణీ అవుతున్న నల్లవాడు నార్మన్ కూడా ఉంటాడు. అక్కడ తెల్లవాళ్ళు చేసేది శబ్దాన్ని వెక్కిరించడం. ‘ట’తో, ప్రశ్నలతో ఆ వెక్కిరింత రాదు.

రెండు వారాలు తిరిగాక, పారేసిన రెండో ప్రయత్నం గుర్తొచ్చింది. సూడండమ్మా, సెప్పండమ్మా. ఆ పాత సినిమా పాలేరు భాష, ఎవరో బయటివాళ్ళు పల్లెవాణ్ణి ఊహించి తయారుచేసిన భాష, అచ్చంగా దానికి తగిన చోటు ఇదే. వేదిక మీద మసి మొహాల తెల్లవాళ్ళకు మాత్రమే ఆ మాట ఇచ్చాను. నిజం నల్లవాళ్ళు ఎవరూ పుస్తకంలో ఒక్కసారి కూడా అలా మాట్లాడరు. ఎడిటర్ గారి ఎర్ర సిరా పేజీలు ఇక్కడ బాగా ఉపయోగపడ్డాయి.

ఇక తెల్లవాళ్ళు నల్లవాళ్ళను అనే ఆ తిట్టు, ‘ఎన్’ అక్షరంతో మొదలయ్యేది. ట్వేన్ పుస్తకంలో 200 సార్లకు పైగా ఉంటుంది. 2011లో అమెరికాలో ఒక ప్రచురణ దాని బదులు ‘బానిస’ అని పెడితే పెద్ద వాదన జరిగింది. తెలుగులో ‘నల్లోడు’ అంటే దెబ్బ తగలదు. మన ఇళ్ళలో ముద్దుగా కూడా అంటాం, పోతన కృష్ణుడు నల్లనివాడు, పద్మనయనంబులవాడు. ‘నీగ్రో’ ఒకప్పటి మన పత్రికల్లో మామూలు మాట. ఒకరు కులం తిట్టు పెట్టమన్నారు, అంత బరువు దానికే ఉందని. గుంపులో ఉన్న దళిత మిత్రుడు ఒప్పుకోలేదు. ‘మమ్మల్ని తిట్టే మాట పెట్టి వాళ్ళ బాధ చెప్తారా’ అన్నాడు. అక్కడితో చర్చ ఆపేశాను. ఇంగ్లిష్ తిట్టునే తెలుగు అక్షరాల్లో ఉంచాను. హ్యూస్టన్‌లో చదివే మా అక్క కొడుకు పాటల్లో విని స్నేహితుల దగ్గర ఆ మాట వాడేస్తుంటాడు. ఈ పేజీలు చదివాక ఫోన్ చేసి చాలాసేపు వేరే సంగతులు మాట్లాడాడు.

హక్ నోటి ‘నువ్వు’

నవలలో చివరి మూడో వంతు పరుగెత్తుతుందని నా అభిప్రాయం. జిమ్‌కు పెన్సిల్ ముక్క దొంగిలించి తెచ్చిచ్చి దానికి ప్రాణం పోగొట్టుకున్న బానిస జార్జ్ దగ్గర ఆగినట్టు, తర్వాత తుపాకుల దగ్గర ఆగలేకపోయింది. హక్‌కు తండ్రి జిమ్మే అని తేలే ఘట్టం కూడా ఇంగ్లిష్‌లో నన్ను అంతగా కదిలించలేదు.

తెలుగులో కదిలించింది. మొదటి పేజీ నుంచి హక్ జిమ్‌ను ‘నువ్వు’ అంటున్నాడు, తెల్లపిల్లాడు గనుక. జిమ్ హక్‌ను ‘చిన్నయ్యగారూ, మీరు’ అంటున్నాడు, బానిస గనుక. నిజం బయటపడ్డాక హక్ మాట మార్చాలా? వారం రోజులు ఆలోచించి మార్చలేదు. మా ఊళ్ళో కొడుకులు తండ్రిని నువ్వనే అంటారు. దొర నోట వచ్చిన ‘నువ్వు’, కొడుకు నోట వచ్చిన ‘నువ్వు’ ఒకటే అక్షరాలు. మార్చింది జిమ్ మాట. ఆ క్షణం నుంచి ‘మీరు’ పోయి, మొదటిసారి హక్‌ను ‘నువ్వు’ అంటాడు. మూలంలో ఈ మార్పు లేదు, ఉండే వీలు లేదు. ఎక్కువ చేశానని ఇద్దరు అన్నారు. ఉంచాను.

చివరి పేజీ మాత్రం ఇంకా తేలలేదు. భార్యాబిడ్డలతో అయోవా చేరిన అతన్ని షెరీఫ్ పేరు అడుగుతాడు. జేమ్స్ అంటాడు. జేమ్స్ ఏమిటి అని మళ్ళీ ప్రశ్న, వెనక పేరు కోసం. తెలుగులో సహజంగా ‘ఇంటిపేరు?’ అనాలి. కానీ ఎవరి ఇంటి పేరు? బానిసకు ఉన్న వెనక పేరు యజమానిది. ఆ ఒక్క తెలుగు మాటలో ఉన్న ‘ఇల్లు’ ఇంగ్లిష్ ప్రశ్నలో లేని బరువు తెస్తోంది. తీసేయాలో ఉంచాలో తెలియడం లేదు. జవాబుకు ‘ఉత్త జేమ్స్’ అని రాశాను, ఉత్త చేతుల్లా ఉందని కొట్టేశాను. ‘జేమ్స్ మాత్రమే’ దరఖాస్తు ఫారంలా ఉంది. మాస్టారు ‘జేమ్స్. గంతే’ అన్నారు. ఆయన నోట వింటే అదే సరైనదనిపించింది, కాగితం మీద పెడితే మళ్ళీ నల్గొండ. ప్రచురణకర్తకు పంపిన ఫైల్లో ‘జేమ్స్. అంతే.’ అని ఉంది, పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం.